ఒక్కపొద్దుల గోలీ

దవాఖానలో మమ్మల్ని ఎలుకల డాక్టర్లు అనేటోళ్ళు. ఫార్మకాలజీ అంటే మందుల శాస్త్రం. మందు ఒంట్లోకి పోయి ఏం చేస్తది, ఒళ్ళు ఆ మందును ఏం చేస్తది, ఇదే మా చదువు, పరీక్షలు చేసేది ఎలుకల మీద. మాకు వార్డు ఉండదు, మంచం ఉండదు, చీటీ రాసే అధికారం అసలే ఉండదు. రెండో సంవత్సరం పిల్లలకు పాఠం చెప్పాలె, పేపర్లు దిద్దాలె. వరండాలో ఎవరన్నా పెద్ద డాక్టర్ ఎదురై "ఎలుకలు బాగున్నయా మేడం?" అంటే నవ్వాలె. నేను నవ్వకపోయేది. "అవి మంచిగనే ఉన్నయి, మీ పేషెంట్లు ఎట్లున్నరు?" అని అడిగేదాన్ని. నాకు దోస్తులు తక్కువ ఎందుకైండ్రో మీకీపాటికి అర్థమయ్యే ఉంటది.

రిటైరైనంక నిజామాబాద్‌లోనే ఉంటున్న. ఈ సబ్జెక్టులో చేరిన పిల్లలు అప్పుడప్పుడు ఇంటికొస్తరు. "మేడం, పేషెంటును ముట్టని చదువు తీసుకొని తప్పు చేసినమా?" అని మొఖం వేలాడేసుకొని అడుగుతరు. నేను సలహాలు చెప్పే రకం కాదు. చాయ్ పోసిచ్చి, ఓ దసరా పండుగ ముందర జరిగిన సంగతి చెప్త. ఆ సంగతే ఇక్కడ రాస్తున్న. అందులో ఎవరి పేరూ ఉండదు. ఎందుకుండదో కూడా చదివితే తెలుస్తది.

నేను పుట్టింది బోధన్‌లో. మా బాపు చక్కెర ఫ్యాక్టరీలో ఫిట్టర్. ఫ్యాక్టరీ నడిచినన్ని రోజులు మా గల్లీలో మగవాళ్ళ జీతం మీద ఇల్లు నడిచింది. అది మూతబడ్డంక ఆడవాళ్ళ బీడీల మీద నడుస్తున్నది. ఒళ్ళో చాట, చాటలో తంబాకు, చేతిలో కత్తెర. పొద్దున కూసుంటే దీపాలు పెట్టేదాక వంచిన మెడ ఎత్తరు. నడుము పోతది, మెడ పోతది, వేళ్ళు కొంకర్లు పోతయి. అందుకే ప్రతి ఊర్లో ఆర్ఎంపీ డాక్టర్ దగ్గర నొప్పుల పొట్లాలు దొరుకుతయి. గోలీల షీటు ఉండదు, పేరుండదు. కాగితం చించి అందులో మూడు గోలీలు పెట్టి మడిచి ఇస్తడు. ఒకటి పెద్దది తెల్లది, ఒకటి పసుపు పచ్చది, ఒకటి సన్నది.

ఆ పొట్లం మహిమ అంతా ఇంతా కాదు. నొప్పి తీసేసినట్టు పోతది. ఆకలైతది. బక్కగ ఉన్న మనిషికి బుగ్గలొస్తయి. "ఏమే, మొఖం నిండింది, మంచిగైనవ్" అని పక్కింటోళ్ళు మెచ్చుకుంటరు. నేను మెచ్చుకోలేదు. ఆ సన్న గోలీ స్టెరాయిడ్ అని నా అనుమానం. స్టెరాయిడ్ ఏండ్ల తరబడి మింగితే మన ఒంట్లో అదే సరుకు తయారుచేసే గ్రంథి పని మానేసి పడుకుంటది. ఎందుకు లేవాలె? సరుకు బయట నుంచి వస్తనే ఉన్నది గద. ఒక్కసారి బయటి సరుకు ఆగితే ఒళ్ళు ఆగమైతది. బీపీ పడిపోతది, వాంతులైతయి, మనిషి సోలిపోతది, చూసుకోకపోతే పోతది కూడా.

ఈ పొట్లాల మీదనే మేం ఒక అధ్యయనం మొదలుపెట్టినం. బోధన్, రుద్రూర్ చుట్టుపక్కల ఊర్లు తిరిగి బీడీలు చేసే ఆడవాళ్ళను అడిగేటోళ్ళం. కాలేజీ కమిటీ కూసొని తయారుచేసిన ప్రశ్న: "ప్రస్తుతం మీరు ఏవైనా ఔషధములు సేవిస్తున్నారా?" ఆ ప్రశ్న మాతోని వచ్చిన పీజీ పిల్ల చదువుతుంటే ఆడవాళ్ళు కొంగు నోటికడ్డం పెట్టుకొని నవ్వేటోళ్ళు. నవ్వినంక "లేదు" అనేటోళ్ళు. మేం లేదు అని రాసుకునేటోళ్ళం. ఆర్ఎంపీలను అడిగితే "అన్నీ బలం గోలీలే మేడం" అని డబ్బా టేబుల్ కిందికి నూకేటోళ్ళు. ఇట్లా సగం ఏడాది గడిచింది, చేతిలో ఏం లేదు. మా డిపార్ట్‌మెంట్ పెద్ద "ఇగ ఇది వదిలేసి ఎలుకల మీద ఏదన్న చెయ్యి" అన్నడు.

అట్లా మూతి ముడుచుకొని తిరుగుతున్న రోజుల్లో దేవీ నవరాత్రులొచ్చినయి. సందుకో మండపం, మండపానికో మైకు. వారంలో ఒకరోజు నేను వార్డులు తిరిగేదాన్ని. మందులు పడక ఎవరికన్నా దద్దుర్లో వాపులో వచ్చినయా అని రాసుకునేది, అంతే. ఆ పనికి మెడిసిన్ వార్డులో నాకు తోడు హెడ్ సిస్టర్. సిరికొండ అడవి దిక్కు నుంచి వచ్చిన మనిషి, గొంతు పెద్దది, డాక్టర్లు కూడా ఆమెకు జర భయపడేటోళ్ళు. నేనంటే ఆమెకెందుకో ఇష్టం. బహుశా ఇద్దరి నోరూ ఒకటేనని కావచ్చు.

ఆ రోజు మధ్యాహ్నం నేను పోంగనే చెయ్యి పట్టి ఒక మంచం దిక్కు గుంజుకపోయింది.

"మేడం, ఈ బీడీలామెను జర సూడుండ్రి. పొద్దు నీరసమని నిన్న తెచ్చిండ్రు. గ్లూకోజు ఎక్కిస్తే లేసి కూసోవాలె గద. కూసుంటలేదు. బీపీ కిందికే పోతున్నది."

పొద్దు నీరసం అంటే మా దిక్కు కొత్తేం కాదు. నవరాత్రులకు మొక్కున్న ఆడవాళ్ళు తొమ్మిది దినాలు ఒక్కపొద్దు ఉంటరు. పగలంతా పస్తు, రాత్రి దీపం పెట్టినంక ఒక్కపూట తిండి. ఏటా ఈ దినాల్లో నలుగురైదుగురు సోలిపోయి దవాఖానకు వస్తరు. గ్లూకోజు సీసా పెడితే కొందరు లేస్తరు, ఇంటికి పోతరు. లేవనోళ్ళ సంగతి ఎవరూ పెద్దగ ఆలోచించలేదు. పస్తుంటే నీరసం రాదా మరి, అనుకున్నరు.

మంచం మీదున్నామెకు నలభై కూడా ఉండవు. కాళ్ళు చేతులు పుల్లలు, మొఖం మాత్రం నిండు చందమామ. మోచేతి కింద తోలు పల్చగై నల్లగ కమిలిన మచ్చలు. పిలిస్తే కండ్లు తెరుస్తది, మళ్ళ మూస్తది. మంచం పక్కన కింద చాప మీద ఆమె అత్త కూసున్నది. రుద్రూర్ రోడ్డు మీద ఓ ఊరు వాళ్ళది. కొడుకు దుబాయిలో ఉన్నడు, కంపెనీవాళ్ళు పాస్‌పోర్టు దగ్గర పెట్టుకొని ఇస్తలేరట. మొగడు క్షేమంగ ఇంటికి రావాలని కోడలు మొక్కుకొని పొద్దు పట్టింది.

కేసు షీటులో "మందులు: ఏమీ లేవు" అని ఉన్నది. నాకు నమ్మబుద్ధి కాలేదు.

"అవ్వా, నీ కోడలు గోలీలేమన్న ఏసుకుంటదా?" అని అడిగిన.

"లేదు బిడ్డా. ఒక్కపొద్దుల గోలీ ముడుతరా ఎవలన్న? గోలీలల్ల ఏం గలుపుతరో ఎవలకెరుక? నీసు ఉంటదంటరు. పొద్దు సెడిపోదా?"

"మరి పొద్దు లేనప్పుడు?"

అవ్వ నా దిక్కు ఎట్ల చూసిందంటే, ఇంత చదివి ఇదడుగుతవేంది అన్నట్టు చూసింది.

"అప్పుడంటే రోజు ఏసుకుంటది గద. పొట్లం లేకుంటె బీడీలెట్ల జేస్తది?"

సిస్టర్ నేను ఒకరి మొఖం ఒకరం చూసుకున్నం. అర్ధ సంవత్సరం ఊర్లు తిరిగి మేం పట్టుకోలేనిది ఆ ఒక్క మాటలో దొరికింది. కానీ సంతోషపడే టైం కాదది. పొద్దు పట్టినరోజు నుంచి ఆమె తిండి ఒక్కటే కాదు, గోలీ కూడా మానేసింది. గ్రంథి పడుకొని ఉన్నది, బయటి సరుకు ఆగింది. గ్లూకోజు సీసాలెన్ని పెట్టినా ఆమె లేవదు.

ఉరికినట్టే పోయి మెడిసిన్ డాక్టర్ గదిలో పడ్డ. ఆయన నా దగ్గర చదువుకున్న పిల్లగాడే, అప్పటికి అసోసియేట్ ప్రొఫెసర్. స్టెరాయిడ్ల పాఠం నేనే చెప్పిన. పరీక్షలో ఆ ప్రశ్న చాయిస్ కింద వదిలేసిండని నాకు గుర్తుండుడు ఆయన దురదృష్టం.

"వెంటనే హైడ్రోకార్టిసోన్ సూది ఎయ్యి" అన్న.

"మేడం, జ్వరం కూడా ఉంది. ఎక్కడో ఇన్ఫెక్షన్ ఉన్నట్టుంది. యాంటీబయాటిక్ ఇస్తున్నం, బీపీ పెంచే మందు పెట్టినం. ఇప్పుడు స్టెరాయిడ్ ఇస్తే ఇన్ఫెక్షన్ ముదిరితే ఎట్ల?"

"ముదరొచ్చు. ఇయ్యకపోతే ముదురుడు చూడనీకి మనిషి ఉండదు."

"రక్తం పంపుత. రేపు రిపోర్టొస్తది, చూసి ఇద్దాం."

"రేపటిదాక ఉంటదా చెప్పు."

ఆయన కండ్లద్దాలు తీసి తుడుచుకున్నడు. "ఆ గోలీ ఏందో ఖాయంగ తెలిస్తే ఈ నిమిషంలనే ఇస్త మేడం. మొఖం గుండ్రంగున్నదని ఇచ్చిన్నంటే, ఆమెకేమన్నా అయినంక నేనెవరికి జవాబు చెప్పాలె?"

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మీదికి లేస్తే ఏమన్నా వస్తదా? బాధ్యత ఆయనది, నోరు నాది. ఇప్పుడు ఆలోచిస్తే ఆయన అన్నదాంట్లో న్యాయం లేకపోలేదు. అప్పుడు మాత్రం ఆ అద్దాలు గుంజుకొని కిటికీలకెళ్ళి పారేద్దామనిపించింది.

వార్డుకు తిరిగొచ్చి అవ్వను అడిగి ఆర్ఎంపీకి ఫోన్ కొట్టించిన. అవ్వ దగ్గర చిన్న ఫోన్. "రెండు ఒత్తి పట్టు, డాక్టర్‌సాబ్‌కు పోతది" అన్నది.

"నేను దవాఖాన నుంచి మాట్లాడుతున్న. ఈమెకు నువ్విచ్చే పొట్లంలో సన్న గోలీ ఏంది?"

"బలం గోలీ మేడం. బీ-కాంప్లెక్స్."

"బీ-కాంప్లెక్స్‌తోని నడుము నొప్పి పోయేదుంటే దేశంలో నొప్పే ఉండకపోవు. నాకు చెప్తున్నవా? నా బతుకంతా మందుల పాఠాలే."

ఫోన్ కట్ చేసిండు. మళ్ళ చేసిన. ఎత్తలేదు. మళ్ళ చేసిన. ఎత్తలేదు. సిస్టర్ తిట్లందుకున్నది, అవి ఇక్కడ రాసే తిట్లు కావు. అప్పటిదాక కింద కూసున్న అవ్వ లేచి ఫోన్ నా చేతిలోకెళ్ళి తీసుకున్నది. ఇగ లాభం లేదనుకున్నడో, మనసొప్పలేదో, అవ్వ మళ్ళ కొడితే ఈసారి ఎత్తిండు.

"ఏందిరా, మేడం మాట్లాడుతుంటె ఫోన్ బంద్ జేస్తున్నవ్? నీ బిడ్డ కానుపైతె బాయిలకెళ్ళి నీళ్ళు మోసింది ఎవలు? నా కోడలు గాదు? గిప్పుడు దాని పానం మీదికొచ్చింది. నీ పొట్లంల ఏమున్నదో ఇప్పి సెప్పు. సెప్పకుంటె నీ ఇంటి ముంగట కూసుంట, అది లేసేదాక నేను లేవ. ఇన్నవా?"

విన్నట్టుంది. అవ్వ ఫోన్ నాకిచ్చింది. అవతల ఆర్ఎంపీ గొంతు మారింది.

"మేడం, నా పేరు రాస్తరా?"

"రాయ."

"పోలీసులకు..."

"ఎవరికీ చెప్ప. ఆమె బతకాలె, నాకు గంతే కావాలె. గోలీ డబ్బా ఫోటో తీసి నా నంబరుకు వాట్సాప్‌లో పెట్టు."

"నన్నొక్కన్నే తప్పు పట్టకుండ్రి మేడం. నేను ఆ సన్నది తీసి ఇస్తే, నీ పొట్లం పనిచేస్తలేదని పక్క ఊరు డాక్టర్ దగ్గరికి పోతరు. ఆయన రెండు ఏస్తడు."

నంబరు చెప్పిన, ఫోటో వచ్చింది. డెక్సామెథాసోన్. స్టెరాయిడే. అసలు సిసలు బలమైన స్టెరాయిడ్. ఫోన్ పట్టుకొని వెనుకకు తిరిగేసరికి మెడిసిన్ డాక్టర్ నా వెనుకనే నిలబడి ఉన్నడు, ఎప్పుడొచ్చిండో తెలియదు. ఫోటో చూసిండు. "ఇయ్యి సిస్టర్" అన్నడు. సిస్టర్ అప్పటికే సిరంజి నింపి ట్రేలో పెట్టుకొని ఉన్నది. ఆర్డర్ లేకుండ ఎందుకు నింపినవ్ అని ఆయన అడగలేదు. అడిగే ధైర్యం ఆయనకు లేదు.

సూది పడ్డంక నేను పోవాల్సిన క్లాసుకు పోలేదు. మంచం పక్కన స్టూలేసుకొని బీపీ మిషన్ దిక్కు చూసుకుంట కూసున్న. భయమైంది, నిజం చెప్తున్న. నా మాట మీద ఒక మనిషికి మందు పడుడు నా సర్వీసులో అదే మొదటిసారి. పుస్తకంలో ఏమని ఉందో నాకు కంఠతా వచ్చు. ఆమె ఒళ్ళు పుస్తకం చదివిందో లేదో తెలియదు గద. బయట క్వార్టర్స్ దిక్కు బతుకమ్మ పాటలు మొదలయ్యే యాళ్ళకు బీపీ మెల్లగ ఎక్కుడు షురువైంది. ఆమె కండ్లు తెరిచి పెదవులు తడుపుకొని నీళ్ళడిగింది. సిస్టర్ కొంగుతోని మొఖం తుడుచుకుంట "ఉక్క పోస్తున్నది మేడం" అన్నది. మెడిసిన్ డాక్టర్ పోతూ పోతూ నా దగ్గర ఆగిండు.

"ఆ ప్రశ్న చాయిస్‌ల వదిలేసిన గద మేడం?"

"వదిలేసినవ్."

"ఇప్పుడు మార్కులేస్తరా?"

"సగం ఏస్త" అన్న.

ఇంతవరకే అయితే ఇది గొప్పలు చెప్పుకునే కథైతుండె. పిల్లలకు నేను ఇక్కడిదాక చెప్పంగనే చప్పట్లు కొట్టబోతరు. ఆగుండ్రి అంట.

తెల్లారి పొద్దున్నే వార్డుకు పోయిన. మంచి చీర కట్టుకొని పోయిన, ఎందుకు దాచుకోవాలె. ఆమె దిండుకు ఆనుకొని కూసొని ఉన్నది, కండ్లల్ల జీవమున్నది. రెండు మంచి మాటలంటది, దండం పెడితే వద్దమ్మా అనాలె అని మనసులో అనుకుంటనే పోయిన.

"నాకు సూది ఏసిండ్రా?" అన్నది.

"ఏసినం తల్లీ. లేకుంటే..."

"గోలీ గూడ ఇచ్చిండ్రా?"

"ఇచ్చినం."

"ఎవలియ్యమన్నరు?"

"నేనే."

ఆమె మొఖం గోడ దిక్కు తిప్పుకున్నది. "నా పొద్దు సెడగొట్టినవ్ గదమ్మ. ఆయన ఇంటికి రావాలని పట్టిన పొద్దు. గిన్ని దినాలు నీళ్ళ మీదున్న. అంత మన్నుల గలిపినవ్" అని కుమిలి కుమిలి ఏడ్చింది.

నాకు కోపమొచ్చింది. బతికిచ్చి తిట్లు తినుడేంది? కానీ ఆమె ఏడుపు చూస్తుంటే ఆ కోపం ఎక్కడ పెట్టాల్నో తెలియలేదు. ఆమెకు ప్రాణం పోయి వచ్చిన సంగతి తెలియదు. మొగని పాస్‌పోర్టు ఎడారిలో ఎవడి బీరువాలోనో ఉన్నది, దాన్ని బయటికి తీయనీకి ఆమె చేతిలో ఉన్న ఒక్క ఉపాయాన్ని నేను అడగకుండ తీసుకున్న. ఆ సంగతి మాత్రం ఆమెకు తెలుసు. సీసాలో చుక్కలు లెక్కబెట్టినట్టు నిలబడ్డ.

అప్పుడు అవ్వ కోడలి తల మీద చెయ్యి పెట్టి అన్నది:

"ఏడ్వకు బిడ్డా. ఇంట్ల ఒకరు పట్టిన పొద్దు ఇంకొకరు తీర్సచ్చు. మిగిలిన దినాలు నేనుంట. నా కొడుకే గద."

కోడలి ఏడుపు ఆగింది. నాకు కూడా పానం లేచొచ్చింది. ఎంత తెలివైన అవ్వ అనుకున్న. పోదామని చెప్పులేసుకున్నదాన్ని ఊరికే అవ్వ దిక్కు చూసిన. నిన్నటి నుంచి కింద చాప మీద కూసున్న మనిషిని వంగి చూసుడే గాని, ఇట్లా కిటికీ వెలుతురులో ఎదురుగ నిలబెట్టి చూడలేదు. అవ్వ మొఖం గుండ్రంగ ఉన్నది. ముంజేతి మీద తోలు పల్చగ, నల్లగ కమిలి ఉన్నది.

"అవ్వా, నువ్వు గూడ బీడీలు చేస్తవా?"

"సెయ్యకుంటె ఎట్ల? ఇంట్ల ఒకరు పొద్దుంటె ఇంకొకరు చాట పట్టాలె గద."

"మరి పొట్లం?"

"ఇద్దరికి కలిపే తెస్తం. ఇగ రేపటి సంది ముట్ట. పొద్దు పట్టిన గద."

నేను చెప్పులు విడిచి మళ్ళ స్టూల్ గుంజుకున్న.

ఆ తర్వాత ఎంత చెప్పిన్నో చూడండి. నీ కోడలికి ఏమైందో నీకు గూడ అదే అయితదన్న. "నేను గట్టిదాన్ని" అన్నది. గోలీలల్ల నీసు ఉండదన్న. "నువ్వు జేసినవా గోలీ?" అన్నది. నేను చెయ్యలేదు. గోలీ గట్టిపడనీకి, మెషీన్‌కు అంటుకోకుంట ఉండనీకి ఏమేం కలుపుతరో నాకు తెలుసు. అందులో ఒకటి మొక్కల నుంచీ తీస్తరు, జంతువుల కొవ్వు నుంచీ తీస్తరు. ఏ కంపెనీ దేన్నుంచి తీసిందో ఒట్టేసి చెప్పలేను. ఒక అబద్ధమాడితే అయిపోవు. నోరు రాలేదు. సిస్టర్ కేకలేసింది, డాక్టర్ వచ్చి బతిమాలిండు. అవ్వ అందరి మాటా మర్యాదగ విన్నది. విన్నంక "అమ్మోరికి మాటిచ్చిన" అన్నది. కోడలు మంచం మీద నుంచే "వద్దత్తా, నేనే పడత" అన్నది. ఇద్దరూ నేనంటే నేనని పోటీ. ఈమె గోలీ మానినా ప్రమాదమే, ఆమె మానినా ప్రమాదమే. ఒకరిని మంచం మీద నుంచి లేపితే ఇంకొకరు పండనీకి తయారైండ్రు.

ఆ మాట నా నోట్లోకెళ్ళి ఎట్లొచ్చిందో ఇప్పటికీ తెలియదు.

"ఆ పొద్దు నేను పడత" అన్న.

నేను పూజలూ పునస్కారాలూ చేసే మనిషిని కానని ఆ దవాఖానలో స్వీపర్‌కు కూడా తెలుసు. అవ్వకు తెలియదు, అయినా నన్ను కింది నుంచి మీదిదాక చూసింది.

"నువ్వెట్ల పడతవ్? ఇంటోళ్ళే పట్టాలె."

"నిన్నటి నుంచి నన్ను బిడ్డా అంటున్నవ్ గదా అవ్వా. ఇంటి బిడ్డ పట్టొద్దా?"

అవ్వ ఆలోచనలో పడ్డది. ఆడబిడ్డ పట్టచ్చు, తప్పులేదు అన్నది. అన్నంక షరతులు పెట్టింది. తెల్లారగట్ల సల్లనీళ్ళ తానం. పగటీలి ఏం ముట్టుడు లేదు, చాయ్ గూడ లేదు. దీపం పెట్టినంక ఒక్కపూట. నేను కూడా షరతు పెట్టిన: అత్తా కోడళ్ళిద్దరూ మేమిచ్చే గోలీ రోజూ మా కండ్ల ముందర మింగాలె. డాక్టర్ రాసిచ్చినట్టు మెల్లమెల్లగ తగ్గించాలె, సొంతంగ ఒక్కరోజు ఆపొద్దు. సరేనన్నరు.

పిల్లలారా, ఆ దినాలు నాకు నరకం. ఆకలి సంగతి కాదు, చాయ్ సంగతి. రోజుకు ఎన్ని కప్పులు తాగుతుంటినో లెక్కలేదు. మొదటిరోజు పగటీలికే తల పగిలిపోయే నొప్పి, చిరాకు, మగత. అలవాటైన మందు ఆపితే ఒళ్ళు ఎట్ల ఎదురు తిరుగుతదో ఏండ్ల తరబడి బోర్డు మీద బొమ్మలు గీసి చెప్పిన మనిషిని. చాయ్‌కే ఇట్లుంటే, ఆ ఆడవాళ్ళను "గోలీలు మానేయుండ్రి" అని ఊరూరా చెప్పబోతిమి గదా అనుకున్న. మెడిసిన్ డాక్టర్ పనిగట్టుకొని నా గదికొచ్చి, నా ముందర కూసొని, ఊది ఊది చాయ్ తాగిండు. సగం మార్కులేసినందుకు కసి తీర్చుకున్నడు.

ఆ దసరా తర్వాత మా ప్రశ్న మార్చినం. మందులు వాడుతున్నరా అని అడుగుడు బంద్ చేసి, "ఒక్కపొద్దు లేనప్పుడు ఏమేసుకుంటవక్కా?" అని అడిగినం. చెప్పిండ్రు. అడిగినోళ్ళందరూ చెప్పిండ్రు. పొద్దు నీరసమని వచ్చిన ఎవరికైనా సిస్టర్ ముందు అదే అడిగేది, నన్ను పిలువకుండనే. మా అధ్యయనం అచ్చైంది, అందులో ఆర్ఎంపీ పేరు లేదు, ఊరు పేరు లేదు. మాటిచ్చిన గద. ఆయన మంచోడో చెడ్డోడో తేల్చుడు నా వల్ల కాలేదు, ఇప్పటికీ కాదు. కోడలికి గోలీ పూర్తిగ మాన్పియ్యనీకి చాన్నాళ్ళు పట్టింది. నడుము నొప్పి మళ్ళ వచ్చింది, బీడీలు చేస్తనే ఉన్నది. దానికి మా దగ్గర మందు లేదు. కొడుకు తర్వాతి ఎండకాలం ఇంటికొచ్చిండు. ఎంబసీ పంపిందని నేనంట. అవ్వ ఏమంటదో మీకు చెప్పనక్కర లేదు.

పొద్దు ఆఖరి రోజు పొద్దున అవ్వ మా డిపార్ట్‌మెంటు మెట్ల మీద నిలబడి ఉన్నది. కోడలు తన గోలీ వార్డులోనే మింగింది, సిస్టర్ చూసింది. అవ్వ అరచేతిలో గోలీ పెట్టుకొని నన్ను ఎగాదిగా చూసింది.

"నిన్న చాయ్ తాగలే గద?"

"తాగలే."

"బిస్కీట్ తినలే గద?"

"తినలే అవ్వా."

"అమ్మోరి మీద ఒట్టు?"

"ఒట్టు."

నా మొఖంలోకి ఇంకోసారి పరీక్షగ చూసింది. నమ్మింది. గోలీ నోట్లో ఏసుకొని, సీసా ఎత్తి నీళ్ళు తాగి, మింగిందో లేదో నాకు అనుమానముంటదని నోరు తెరిచి నాలుక సాపి చూపించింది.

"నాదైంది బిడ్డా. ఇగ నువ్వు పొద్దుగూకేదాక ఆగు" అన్నది.

నేను ఆగిన.